గాజు కదిలినప్పుడల్లా ఒక గోలి

కిందటి నెలలో ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగి, యాభై దాటిన ఆడమనిషి దిగింది. నేను గడప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆటో అతను ఏదో అన్నట్టున్నాడు, ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు రాగానే కొంగు కొస తీసి పండ్ల మధ్య పెట్టుకుంది, మొహం గోడ వైపు తిప్పుకుని భుజాలతో నవ్వింది. నా చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఇదే గోదావరిఖనిలో, మా క్వార్టర్ల మధ్య గోడ మీదుగా ఏళ్ళ తరబడి చూసిన నవ్వు. కానీ ఈమె దాన్ని ఎవరినీ చూసి నేర్చుకుని ఉండదు. ఆ నవ్వు గల మనిషి పోయేనాటికి ఈమె వయసు ఇరవై ఒక్క రోజులు.

"గుర్తు పట్టినవా చిన్నమ్మా?" అంది.

"పట్టకేం. సమ్మె పిల్లవు నువ్వు. లోపలికి రా."

ఆమె పెద్దపల్లిలో ఉంటుంది. ఆమె కూతురిది హైదరాబాదులో ఉద్యోగం. ఆ పిల్లకు ఏడాదిగా మనసు బాగుండటం లేదు. డాక్టరు దానికి గోలీలు రాసింది. పిల్లలు ఇప్పుడే వద్దని అంతకు ముందు నుంచే ఇంకో గోలి వేసుకుంటోంది. రెండూ ముందు పెట్టుకుని డాక్టరు ఒక ప్రశ్న అడిగిందట, మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇట్లా ఉండేదా అని.

"నాయననడుగుదమంటే నాయన లేకపాయె. మా పెదనాయినోళ్ళు మా అమ్మ జరమొచ్చి సచ్చిపోయిందని చెప్పి పెంచిండ్రు. ఒక్క ఫోటో లేదు. నువ్వు పక్కింటిదానివి గద చిన్నమ్మా. మా అమ్మ ఎట్లుండేది?"

ఎట్లుండేదంటే ఏం చెప్పాలి? నేను ఐదో తరగతిలో బడి వదిలినదాన్ని. నేను వదిలానని బడి ఏడవలేదు, బడి పోయిందని నేనూ ఏడవలేదు. ఆ ఐదు తరగతుల చదువుతో రాస్తున్నాను ఇది.

ఆమె పేరు రాయను. మా క్వార్టర్ల లైనులో చాలామందికి ఆ పేరు తెలియదు కూడా. కమాన్‌పూర్ నుంచి కాపురానికి వచ్చింది కాబట్టి అందరికీ కమాన్‌పూరామె. నాకు కమాన్‌పూరక్క. ఆమె భర్త భూమి కింద టబ్బుల్లో బొగ్గు నింపే పని చేసేవాడు. నేను బొగ్గు కంపెనీ దవాఖానలో ఆయాను. డెబ్బయ్యవ దశకం మొదలు అది. రెండు క్వార్టర్లకు మధ్య ఒకటే గోడ, నడుము ఎత్తున. ఆ గోడ మీద మేము పప్పు గిన్నెలు మార్చుకున్నాం, పిల్లల్ని మార్చుకున్నాం, మొగుళ్ళను మాత్రం మార్చుకోలేదు. ఈ మాట నేను అప్పుడు కూడా అనేదాన్ని. అక్క కొంగు నోట్లో పెట్టుకుని, "నీ నోట్లె బొగ్గువడ!" అని గోడ వైపు తిరిగి నవ్వేది.

రోజుకు నాలుగుసార్లు వాకిలి ఊడ్చేది. ఆ ఊళ్ళో బొగ్గు పొడి వాన కంటే నమ్మకంగా కురిసేది. ఊడ్చిన చోటు గంటకు మళ్ళీ నల్లబడేది. నేను ఊరుకునేదాన్నా?

"అక్కా, వాళ్ళు పాపం కష్టపడి తవ్వి పైకి పంపుతుంటే నువ్వు ఊడ్చి ఊడ్చి మళ్ల కిందికి పంపుతున్నవా ఏంది?"

"నేనూడ్చేది నా వాకిలి. వాళ్ళు తవ్వేది ఎవరి వాకిలో వాళ్ళనే అడుగు" అనేది, చీపురు ఆపకుండా.

భర్త డ్యూటీ నుంచి వస్తే ముందు మొహం చూసేది కాదు. కాళ్ళు చూసేది. కాళ్ళు నడిచొచ్చాయంటే మనిషి వచ్చినట్టే అనేది. ఆ తర్వాతే వేణ్ణీళ్ళు తోడేది.

ఇక గాజు సంగతి. బాయి దగ్గర, అంటే బొగ్గు గని దగ్గర, ల్యాంపు రూము ఉంటుంది. కిందికి దిగే మనిషి దీపం తీసుకుంటాడు, అతని నంబరున్న ఇత్తడి బిళ్ళ కొక్కేనికి తగిలిస్తారు. పైకి వచ్చి దీపం తిరిగి ఇస్తే బిళ్ళ కొక్కెం దిగుతుంది. బిళ్ళ కొక్కెం మీదే ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్న మాట. ఈ సంగతి కొత్త కాపురంలో భర్త చెబితే, అక్క పొయ్యి పక్క గోడకు రెండు మేకులు కొట్టించి, తన చేతి గాజొకటి ఎడమ మేకుకు తగిలించింది. భర్త డ్యూటీకి బయలుదేరగానే ఎడమ మేకుకున్న గాజు తీసి కుడి మేకుకు తగిలించేది. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కోగానే మళ్ళీ ఎడమ మేకుకు మార్చేది. ఏ షిఫ్టైనా అంతే. నేను వెళ్ళేసరికి గాజు కుడి వైపు ఉంటే ఆమె గొంతు కొంచెం తగ్గించి మాట్లాడేది, గాజు నిద్రలేస్తుందేమో అన్నట్టు.

నాలుగో కాన్పు అయ్యాక ఆమె వాకిలి ఊడవడం మానేసింది.

ఏడవలేదు, అరవలేదు. పిల్లవాడు ఒళ్ళో ఏడుస్తుంటే మేకుల వైపు చూస్తూ కూర్చునేది. పాలు ఇవ్వక్కా అంటే ఇచ్చేది. తినక్కా అంటే తినేది. చెప్పకపోతే ఏదీ లేదు. ఒకరోజు దవాఖాన నుంచి వస్తుంటే లైను చివర బావి దగ్గర కనిపించింది. గట్టు మీద ఒక్కతే కూర్చుని ఉంది. పిల్లవాడు పది అడుగుల దూరంలో వేపచెట్టు కింద, నాలుగు మడతలు వేసిన చీర మీద నిద్రపోతున్నాడు.

"పిలగాణ్ణి నీడకు పండవెట్టిన" అంది నన్ను చూసి. అంతే అంది.

గబగబా గట్టు దగ్గరికి నడిచాను. అప్పుడు కూడా నా నోరు ఊరుకోదు కదా, "ఈ నీళ్ళు కంపెనీవక్కా, పర్మిషన్ లేకుంట ముట్టద్దు, లే" అన్నాను. నా మాటకు ఆమె నవ్వకపోవడం అదే మొదటిసారి. చెయ్యి పట్టుకుంటే మాత్రం లేచింది.

బావకు, అంటే ఆమె భర్తకు, ఆ సాయంత్రమే చెప్పాను. మంచి మనిషి. భయపడ్డాడు. ఎవరికీ తెలియకుండా కరీంనగర్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పసుపు పచ్చ గోలీలు ఇచ్చారు. దుఃఖం తగ్గే గోలీలు. రోజూ వేసుకోవాలి, మానకూడదు, ఫలితం వెంటనే కనపడదు అన్నారట. బావ నెలకోసారి బస్సెక్కి పోయి తెచ్చేవాడు. మొదట్లో ఆమె నిద్రపోతూనే ఉండేది. నోరు ఎండిపోయేది. "నా నోరు బంద్‌వడ్డ బాయి లెక్కయింది చెల్లే, ఊట లేదు" అనేది, నాలుకతో పెదాలు తడుపుకుంటూ. మూడు వారాలు పోయాక ఒక పొద్దున గోడ అవతల చీపురు చప్పుడు వినిపించింది. నేను పళ్ళు తోముకుంటూ అట్లాగే నిలబడి విన్నాను. ఇప్పటికీ ఏ ఇంట్లో చీపురు చప్పుడైనా నాకు ముందు గుర్తొచ్చేది ఆ పొద్దుటి పూటే.

మళ్ళీ మనిషైన మరుసటి వారమే ఆమె గోడ దగ్గరికి వచ్చింది.

"చెల్లే, ఒక్క మాట. ఇంకొక కాన్పయితే నేనుండ."

"అట్లనకక్కా."

"అనుడు గాదు. నాకెరుకైంది. ఈసారి నువ్వొచ్చి లెవ్వంటే లేచిన. మల్ల నువ్వు రాకపోతే?"

 మరునాడే మా డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆపరేషన్ చేయించుకుంటానంది అక్క. డాక్టరమ్మ కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తం బొత్తిగా లేదు, ఏడాది ఆగు, బలం పట్టాక చేస్తాను అంది. పోనీ మీ ఆయనకు చేయిస్తావా అంటే అక్క తల అడ్డంగా ఊపింది. ఆపరేషన్ అయితే టబ్బు నెట్టే సత్తువ పోతుందని బాయి మీద మగవాళ్ళందరూ నమ్మే రోజులవి. అప్పుడు డాక్టరమ్మ సొరుగులోంచి కడుపు రాకుండా వేసుకునే తెల్ల గోలీల అట్ట తీసింది. అవి హైదరాబాదు నుంచి తెప్పించి కొద్దిమందికే ఇచ్చేది. రోజూ ఒకే వేళకు ఒకటి. అట్ట అయిపోయాక ఏడు రోజులు ఆగి కొత్త అట్ట మొదలుపెట్టాలి.

"వేరే మందులేమైనా వాడుతున్నావా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా" అంది అక్క.

నేను పక్కనే ఆయా కట్టే తెల్ల చీరలో నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. బయటికి వచ్చాక అడిగాను.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే రాస్తది. రాస్తే దవాఖానంత చదువుతది. ఫలానోని పెండ్లాం పిచ్చిదని బాయి మీద అంటే, మీ బావ కింద పని చేస్తడా, మొఖం దాసుకుంటడా?"

తెల్ల గోలి సంగతి బావకు చెప్పొద్దని కూడా ఒట్టు వేయించుకుంది. అట్లా మొగుడికి ఒక గోలి తెలుసు, డాక్టరమ్మకు ఒక గోలి తెలుసు. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్ని, ఐదో తరగతి చదివిన ఆయాను.

మరి గుర్తుండేదెట్లా? ఆమెకు చదువు రాదు, ఇంట్లో గడియారం లేదు. బాయి సైరన్ ఉందిగానీ అది రోజుకు మూడు షిఫ్టులకూ మోగుతుంది. పది రోజుల్లో నాలుగు రోజులు మరిచిపోయింది, రెండు రోజులు రెండేసి వేసుకుంది. నేను వాళ్ళ వంటింట్లో కూర్చుని తల పట్టుకున్నాను. ఎదురుగా రెండు మేకులు.

"అక్కా, గాజు ఎన్నడన్న మరిచినవా?"

"గాజెట్ల మరుస్త? మనిషి పానం గద!"

"ఇగ గోలి గూడ గాజుకే కట్టేద్దాం. గాజు కుడిదిక్కు పోతే, బావ కిందికి దిగినట్టు. తెల్ల గోలి నీ గొంతులకు దిగాలె. గాజు ఎడమకొస్తే, బావ పైకెక్కినట్టు. పచ్చ గోలి. దిగుడు గోలి, ఎక్కుడు గోలి. సమజైందా?"

నవ్వింది. కొంగు, గోడ, భుజాలు, అంతా. ఆ రోజు నుంచి ఒక్కటి తప్పలేదు. షిఫ్టు వారం వారం మారేది కాబట్టి ఒకే వేళ అన్న మాట నిలవలేదు. రోజుకొకటి పడితే చాలులే అనుకున్నాను. డాక్టరమ్మను అడగలేదు. అట్టకూ అట్టకూ మధ్య ఏడు రోజులకు 'గోలి సెలవు' అని పేరు పెట్టాను. పెసర్ల డబ్బాలో అడుగున రెండు రకాల గోలీలు, పైన పెసర్లు.

ఆదివారం ఒక చిక్కు. ఆ రోజు బావకు డ్యూటీ లేదు, గాజు కదలదు. దానికీ నేనే దారి చూపాను. ఆదివారం ఆయన కల్లు కాంపౌండుకు పోతాడు కదా, అదే డ్యూటీ అనుకో అన్నాను. దాంతో లైనంతా చూసే తమాషా మొదలైంది. అందరి ఇళ్ళలో ఆడవాళ్ళు కల్లుకు పోవద్దని కొట్లాడితే, కమాన్‌పూరక్క పోవడం లేదని కొట్లాడేది.

"పోతవా, పోవా? పొద్దు గూకుతంది!"

"ఒళ్ళు బాగలేదే."

"కల్లు తాగితే బాగైతది. లే!"

బావ గోడ దగ్గరికి వచ్చి గోడు వెళ్ళబోసుకునేవాడు. "మరదలా, మీ అక్క నన్ను కల్లుకు తరుముతంది. ఏం మందు వెట్టినవే దీనికి?"

"మంచి మందే బావా. నీ పాలిటి దేవత, మొక్కి పో" అనేదాన్ని. గోడ అవతల అక్క కొంగు కొరుకుతూ చచ్చేది నవ్వలేక.

రెండు మందులు ఒకే కడుపులో ఏం మాట్లాడుకుంటున్నాయో అన్న భయం నాకు లేకపోలేదు. తెల్ల గోలి మొదలయ్యాక ఆమె నోరు ఇంకా ఎండేది. లేచి నిలబడితే కళ్ళు తిరిగి గోడ పట్టుకునేది. ఒకరోజు ధైర్యం చేసి డాక్టరమ్మను అడిగాను.

"అమ్మా, ఈ తెల్ల గోలి వేసుకునే మనిషి దుఃఖం గోలి కూడ వేసుకుంటే ఏమైతది?"

ఆమె రాస్తున్నదల్లా తల ఎత్తింది. "ఎవరు వేసుకుంటున్నారు?"

ఒట్టు అడ్డమొచ్చింది. నోరు అలవాటు కొద్దీ తనంతట తానే పని చేసింది. "నేనేనమ్మా. మా ఆయన మొఖం చూసినప్పుడల్లా దుఃఖమొస్తది."

నర్సులు పగలబడి నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వి, "నీకు దుఃఖం గోలి కాదే, నోరు మూతపడే గోలి ఇవ్వాలి" అంది. మళ్ళీ తల దించుకుంది. ఇంకొక్కసారి నిజంగా అడిగితే నిజంగా చెప్పేదేమో. నేను అడగలేదు.

పది నెలలు గడిచాయి. ఇంకో రెండు నెలలైతే ఆపరేషన్. అక్క పాలకూర, బెల్లం, ఏం చెబితే అది తిని బుగ్గల్లో కొంచెం రంగు తెచ్చుకుంది. అప్పుడు సమ్మె వచ్చింది.

బాయిలన్నీ బంద్. సైరన్ మోగదు. నాలుగు రోజులైతే తీరుతుందనుకున్నది తీరలేదు. లైనులో మగవాళ్ళంతా పగలూ రాత్రీ ఇళ్ళల్లోనే. మా ఆయన వర్క్‌షాపు కూడా మూతపడింది. జీతం లేని ఇంట్లో ఉండేకంటే మా అమ్మగారింట్లో తిందామని సెలవు పెట్టి మూటలు కట్టాను. రామగిరి అవతల పల్లె మాది. బస్సుకు టైమైపోతోంది. ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో మూట. గోడ మీద అక్క తల కనిపించింది.

"చెల్లే, డ్యూటీ లేకపాయె, కల్లు బంద్‌వాయె. గాజు కదులుతలేదు. గోలీల సంగతేంది మరి?"

"గాజు సమ్మెల ఉంటే గోలీలొక్కటే డ్యూటీ చేస్తయా అక్కా? వాటికీ సెలవే పో!" అన్నాను.

ఆమె కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. నేను బస్సెక్కాను. నవ్వింది కదా, అర్థమైందనుకున్నాను. నవ్విన మనిషికి అర్థమైందనుకోవడం నాలాంటి వాళ్ళ జబ్బు.

ఐదు వారాల తర్వాత సమ్మె విరమించారని తెలిసి తిరిగొచ్చాను. గోడ మీదుగా చూస్తే అక్క వాకిట్లో బొగ్గు పొడి మందంగా పేరుకుని, దాని మీద కోడి కాళ్ళ గుర్తులు స్పష్టంగా పడి ఉన్నాయి. మూట అక్కడే వదిలి పరుగెత్తాను. ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. జుట్టు విప్పి ఉంది. పెసర్ల డబ్బా తీసి బోర్లించాను. పెసర్లతో పాటు గోలీలు నేల మీద దొర్లాయి. నేను పోయిన నాడు ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి, తెల్లవీ పచ్చవీ.

"అక్కా, ఇదేంది?"

"నువ్వే గద సెలవన్నవు" అంది. నిందగా అనలేదు. బడిలో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు అంది. నెలకు వారం గోలికి సెలవుంటుందని చెప్పిందీ నేనే, సమ్మెలో సెలవన్నదీ నేనే. తెల్ల చీర కట్టుకున్న మనిషి చెప్పిన సెలవు ఆమెకు సెలవే. ఇక ఇంట్లోనే కూర్చున్న మొగుడి కళ్ళ ముందు దొంగచాటుగా గోలి మింగే పని తప్పిందని ఆమె సంతోషించి కూడా ఉంటుంది, మొదటి వారం.

పచ్చ గోలి ఆ పూటే మొదలుపెట్టించాను. అప్పటికే నెల తప్పిందేమోనని తెల్లది పెట్టించడానికి చెయ్యి రాలేదు. ఇంకో నెల చూశాను. ఆ తర్వాత దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ పరీక్ష చేసి చెయ్యి కడుక్కుంటూ, "మూడో నెల" అంది.

అప్పుడు చెప్పాను అంతా. ఒట్టూ గిట్టూ చూడలేదు. డాక్టరమ్మ తువ్వాలు బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది.

"వేరే మందు లేదని నా ముందే చెప్పింది. నువ్వు పక్కనే నిలబడ్డావు."

"అవునమ్మా."

"ఆ రోజు నవ్వుతూ అడిగావు చూడు, అది ఈమె గురించేనా?"

"అవునమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కడుపు తీసేయమని అక్క డాక్టరమ్మ కాళ్ళు పట్టుకుంది. ఉన్న రక్తానికి ఇప్పుడు తీయడమంటే ప్రాణం మీదికి తేవడమే అంది డాక్టరమ్మ. పచ్చ గోలి కడుపుతో ఉండగా వాడాలో వద్దో నేనొక్కదాన్నీ చెప్పలేను, అది రాసిన డాక్టరే చూడాలి, అంతవరకు ఆపండి అని కరీంనగర్‌కు చీటీ రాసింది. ఆ చీటీలో రెండు గోలీల సంగతీ ఉంది. దాన్ని నేనే బావ చేతిలో పెట్టాను, నోటితో కూడా చెప్పాను. తెల్ల గోలి అనగానే ఆయన మొహం ఎట్లానో అయిపోయింది.

"నాకు చెప్తే నేనొద్దంటనా మరదలా?" అన్నాడు.

అనేవాడో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకు అయినా తెలుసో లేదో. "కడుపుతోటున్నదానికి పిచ్చి మందెందుకు, కాన్పయినంక చూద్దాం" అని చీటీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది అక్కడే ఉండి, బొగ్గు బట్టలతో పాటు ఉతుకులో కలిసిపోయింది. ఇంకో చీటీ రాయించుకొస్తానని నేను రెండుసార్లు అన్నాను. మూడోసారి అనలేదు.

బాయి మళ్ళీ నడిచింది. సైరన్ మోగింది. గాజు కదిలింది. ఆ నెలల్లో నేను చూసినది ఒకటి ఎవరికీ చెప్పలేదు. బావ డ్యూటీకి పోగానే ఎడమ చేత్తో గాజు మార్చేది. కుడి అరచెయ్యి చాపేది. అందులో ఏమీ లేదు. ఆ ఖాళీ అరచేతిని నోటి దగ్గరికి తీసుకుపోయి, చెంబెత్తి నీళ్ళు తాగేది. ఆయన వచ్చాక మళ్ళీ అంతే.

ఆ ఏడు మా కాన్పుల వార్డులో మంచాలు చాలలేదు. సమ్మె అయిన తొమ్మిది నెలలకు లైన్లన్నీ ఒకేసారి నీళ్ళాడాయి. 'సమ్మె పిల్లలు' అని వాళ్ళకు పేరు పెట్టింది నేనే. వార్డంతా నవ్వింది. అక్క ఆ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద ఆడపిల్లను కని, అటు తిరిగి పడుకుంది.

ఇరవై ఒకటో రోజు పాపను తొట్టెలలో వేసే వేడుక చేయాలనుకున్నారు. బావ మొదటి షిఫ్టుకు పోయాడు, సాయంత్రానికి తిరిగొస్తాడు కదా అని. అక్క తలస్నానం చేసింది, కొత్త ఆకుపచ్చ గాజులు తొడుక్కుంది. ఆ పొద్దున చీపురు చప్పుడు కూడా విన్నాను నేను. విని ఎంత సంబరపడ్డానో. డ్యూటీ నుంచి గంట అడుక్కుని, పసుపు కుంకుమ తీసుకుని వాళ్ళింటికి పోయాను. వాకిలి అద్దంలా ఉంది. చూరు నీడన, నాలుగు మడతలు వేసిన చీర మీద పాప నిద్రపోతోంది.

పసుపు కుంకుమ గడప మీద పెట్టి పాపను ఎత్తుకున్నాను. అట్లాగే వంటింట్లోకి పోయాను. ఎడమ మేకు ఖాళీగా ఉంది. కుడి మేకుకు రెండు గాజులున్నాయి. ఒకటి రోజూ ఉండే పాత గాజు. దాని పక్కన కొత్తది, ఆకుపచ్చది.

మధ్యాహ్నానికల్లా అక్క దొరికింది. ఎక్కడో రాయను.

బావకు ల్యాంపు రూము దగ్గరే చెప్పారు. ఇంటికి వచ్చాడు, బొగ్గు మొహంతోనే. మనుషుల మధ్య నుంచి నేరుగా వంటింట్లోకి పోయి, తన గాజు తీసి ఎడమ మేకుకు తగిలించుకున్నాడు. రెండోదాన్ని ముట్టలేదు. ఆ క్వార్టర్‌లో ఉన్నన్నాళ్ళూ అది కుడి మేకుకే ఉంది. పిల్లల్ని తన అన్న ఇంటికి పంపి ఆయన ఒక్కడే వండుకుని తిన్నాడు, ఆ మేకుల ముందు.

కిందటి నెల ఆ మధ్యాహ్నం సమ్మె పిల్లకు నేను వాకిలి సంగతి చెప్పాను, కల్లు సంగతి చెప్పాను, గాజుల సంగతి చెప్పాను. రెండు గోలీలూ చెప్పాను. జ్వరం కాదని కూడా చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, నడుమ నడుమ నవ్వుతూ విన్నది. చిక్కుడుకాయలు ఎప్పుడు అందుకుందో, ఈనెలు తీస్తూ కూర్చుంది.

"మంచిగైతంటే ఎందుకు బంద్ చేసిందట చిన్నమ్మా?" అంది చివరికి.

సమ్మె వచ్చిందని చెబితే సరిపోయేది. మీ నాయన ఇంట్లో ఉన్నాడని చెప్పినా సరిపోయేది. రెండూ నిజమే. నేను మూడోది చెప్పాను. గోడ దగ్గర అన్న మాట, ఎట్లా అన్నానో అట్లాగే.

ఆమె చేతులు ఆగాయి. ఈనె తీయని కాయను మళ్ళీ గిన్నెలో వేసేసింది. నన్ను తిడుతుందనుకున్నాను. లేచి పోతుందనుకున్నాను.

"నువ్వట్ల అనకపోతే నేను పుట్టకపోదును గద" అంది.

అది క్షమించినట్టు అనలేదు, ఎత్తిపొడిచినట్టూ అనలేదు. లెక్క సరిచూసుకున్నట్టు అంది. తర్వాత ఫోన్ తీసి కూతురికి కలిపింది. "పక్కింటమ్మమ్మ దగ్గరున్న. ఉండెనట. మా అమ్మకే" అని చెప్పి, ఫోన్ నా చేతికిచ్చింది.

"అమ్మమ్మా, ఆమె గూడ రెండు వేసుకునేదా? ఏం కాలేదా మరి?" అంది ఆ పిల్ల. చురుకైన గొంతు.

"వేసుకున్నన్ని దినాలు నిలవడ్డది బిడ్డా. నోరెండేది, కండ్లు తిరిగేటియి. అది గూడ ఎవలకు చెప్పుకోలే. నువ్వు చెప్పినవా మీ డాక్టర్‌కు, రెండు వేసుకుంటున్ననని?"

"మొదటి రోజే చెప్పిన. చూసే రాసింది. నెలకోసారి పోయి కలుస్త."

"ఆదివారం?"

"ఆదివారమేంది?"

"ఆదివారం నాడు గూడ వేసుకుంటున్నవా?"

నవ్వింది. ఫోన్‌లో కనపడదు కదా, ఎట్లా నవ్విందో. "ఆదివారం ఎందుకు వేసుకోను అమ్మమ్మా?"

"మరి పండుగలకు, బందులకు, ఆఫీసుకు సెలవొస్తే?"

"సెలవులకు, దీనికి సంబంధమేంది?"

"ఏం లేదు బిడ్డా" అన్నాను. "ఏం సంబంధం లేదు. అదే చెప్తున్న."